ఆరుగురికి అనుమతి

పెళ్ళి గౌను అంచుని నాలుగు వేళ్ళ మేర పైకి మడిచి కుడుతోంది ఆమె. ఇసుకలో ఈడ్చుకుపోకూడదు, అలాగని చీలమండలు మరీ బయటపడకూడదు. సోఫాలో కాళ్ళు బార్లా చాపుకుని ఫోను చూసుకుంటున్న, ఆమెని చేసుకోబోయే పళ్ళ డాక్టరు తలెత్తి నవ్వాడు.

"లేచిపోవడానికి ఇంత ప్లానింగ్ చేసేదానివి లోకంలో నువ్వొక్కదానివే. మామూలు జనం గోడ దూకుతారు, దొరికిన బస్సెక్కుతారు, అంతే."

ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో గోడలు దూకితే మోకాళ్ళు ఊరుకోవంది ఆమె. ఇద్దరూ నవ్వుకున్నారు. అతను మళ్ళీ ఫోనులోకి వెళ్ళిపోయాడు. ఆమె సూదిలోకి దారం ఎక్కించుకుంది.

ఆస్పత్రిలో ఆపరేషన్ల లిస్టు వేయడం ఆమె ఉద్యోగం. ఏ డాక్టరుకి ఏ థియేటరు, ఏ పేషంటు ముందు, ఏ పేషంటు వెనక, రాత్రి నుంచీ ఏమీ తినకుండా ఉన్న షుగరు ముసలాయన్ని పదకొండింటి దాకా ఎండబెట్టకుండా ఏ పూటలో ఇరికించాలి, ఇవన్నీ ఆమె తలలోనే ఉంటాయి. అందుకే అక్కడ అందరికీ ఆమె లిస్టు మేడమ్. ఆ పేరు ఆస్పత్రి గేటు దగ్గర ఆగలేదు. పెద్ద సర్జను కూతురి పుట్టినరోజు పార్టీకి ఎవర్ని పిలవాలో, పిల్లలకి ఏ ఆటలు పెట్టాలో కూడా లిస్టు మేడమే రాయాలి. "మీకైతే ఐదు నిమిషాల పని" అంటాడాయన. ఆ ఐదు నిమిషాలు రెండు ఆదివారాలు తినేస్తాయి. తమ్ముడి పెళ్ళి మొదట్నుంచి చివరిదాకా ఆమే నడిపింది. ఆ పెళ్ళి ఆల్బమ్‌లో నాలుగొందల ఫొటోలుంటే ఆమె ఉన్నది ఒక్కదాంట్లో, అదీ వీపు మాత్రమే. చేతిలో కాగితం పట్టుకుని వంటవాళ్ళ వైపు వెళుతున్న వీపు. అది చూసి మరదలు, "వదినని కాగితాన్ని బట్టి గుర్తుపట్టాం" అంది. అందరితో పాటు ఆమె కూడా నవ్వింది. ఇంటికొచ్చాక ఎందుకో ఏడుపొచ్చింది.

ఇరవై నాలుగేళ్ళప్పుడు ఆమెకి ఒక పెళ్ళయింది. ఆరువందల మంది వచ్చారు. అందరూ తిన్నారు, దీవించారు, ఫొటోలు దిగారు. నాలుగేళ్ళ తర్వాత రెండు సూట్‌కేసులతో పుట్టింటి గుమ్మంలో నిలబడ్డప్పుడు ఆ ఆరువందల మందిలో ఎలా ఉన్నావని ఒక్కరు కూడా ఫోను చెయ్యలేదు. చేసిన ఒకరిద్దరు కూడా తప్పెవరిదో తెలుసుకుందామని చేశారు. "ఇంతమంది ముందు చేసిన పెళ్ళి, మా మొహాలు ఎక్కడ పెట్టుకోవాలి" అంది తల్లి. అంటే వచ్చినవాళ్ళు ఆమె కోసం రాలేదన్నమాట. ఆమె ఎక్కడికీ పోకుండా కాపలాగా వచ్చారన్నమాట. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. పదేళ్ళుగా లోపలే పెట్టుకుని తిరిగింది.

విడాకులొచ్చిన ఏడాది ఒంటరిగా టూరు బస్సెక్కి ఎడారి చూడ్డానికి వెళ్ళింది. అంతకుముందు ఎప్పుడూ ఎక్కడికీ ఒంటరిగా వెళ్ళలేదు. తెల్లవారుతుండగా జీపు నడిపే ఒకావిడ వాళ్ళని ఒక రాతి కమాను దగ్గరికి తీసుకెళ్ళింది. గాలీ వానా కలిసి ఎన్ని వేల ఏళ్ళు తొలిచాయో, ఎర్రటి కొండలో పెద్ద తలుపంత కన్నం. ఆ కన్నంలోంచి ఎండ వచ్చి ఇసుక మీద పడి, మెల్లగా పాదాల దాకా పాకింది. గంటసేపు ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు. ఏది ఎక్కడుందో, ఎవరు తిన్నారో, ఎవరు తినలేదో చెప్పాల్సిన పని పడలేదు. తనకి ఇంకో జీవితమంటూ ఉంటే అది ఇక్కడ మొదలవ్వాలనుకుంది. ఆ తర్వాత ఆ సంగతే మర్చిపోయింది, పళ్ళ డాక్టరు కనపడేదాకా.

అతను మంచివాడు. అందరూ అనే మాట అది. కుర్చీలో వణుకుతూ కూర్చున్న పేషంటు భుజం మీద చెయ్యి వేసి, "మీకెప్పుడు కావాలంటే అప్పుడు ఆపేద్దాం" అంటాడు. ఆమెతోనూ మొదట అదే అన్నాడు, నోరు తెరిచి పైనున్న లైటు కేసి చూస్తున్నప్పుడు. మొదటి భర్త నోట్లోంచి ఎన్నడూ రాని మాట అది. ఆమె మనసు అక్కడే పడిపోయింది. అతనికి నలభై ఒకటి, అసలు పెళ్ళే కాలేదు. రెండేళ్ళ స్నేహం తర్వాత పెళ్ళి మాట ఎత్తితే, ఆమె ఆ రాతి కమాను గురించి చెప్పింది. జనం వద్దు, వేదిక వద్దు, ఎవరికీ ముందుగా చెప్పొద్దు, మనిద్దరం, రిజిస్ట్రారు, ఇద్దరు సాక్షులు, ఫొటోలు తీసే ఒక మనిషి. తిరిగొచ్చాక ఇంట్లోవాళ్ళకి చెబుదాం. ఆమె చెబుతున్నంతసేపూ అతను ఆమె చెయ్యి పట్టుకునే ఉన్నాడు. చివర్లో, "నీకెలా కావాలంటే అలా" అన్నాడు.

ఆరు నెలలు పట్టింది ఏర్పాట్లకి. ఆ పాత జీపావిడ నంబరు వెతికి పట్టుకుంది. ఇద్దరూ ఒకసారి వెళ్ళి చోటు చూసొచ్చారు. అక్కడ ఇసుక మీద అక్కడక్కడా నల్లగా, గరుగ్గా పెంకులాంటిది ఉంది. దాని మీద అడుగు వెయ్యొద్దని జీపావిడ ముందే హెచ్చరించింది. అది చచ్చిన మట్టి కాదట, ప్రాణమున్నదట, ఒకసారి తొక్కితే మళ్ళీ కట్టుకోవడానికి ఒక మనిషి జీవితకాలం పడుతుందట. అందుకే కమాను దగ్గరికి ఒకసారికి ఆరుగురికే అనుమతి. ఆరు అనగానే ఆమెకి ఎక్కడలేని సంతోషం వేసింది. తను కోరుకున్నది ప్రభుత్వమే రూలుగా పెట్టినట్టు. సూర్యుడు ఆరూ పదికి కమానులోకి వస్తాడు, ఎనిమిది దాటితే గాలి లేచి ఇసుక కళ్ళలో కొడుతుంది. ఈ రెంటి మధ్యా పెళ్ళి అయిపోవాలి. ఎవరెవరు ఎక్కడ నిలబడాలో చూద్దామంటే అతనే వంగి, ఆరు చిన్న రాళ్ళు ఏరుకొచ్చి నడిచే దారి మీద పేర్చాడు. "ఇది నువ్వు, ఇది నేను" అన్నాడు. అన్నిటికన్నా నున్నటి రాయి ఆమెకి ఇచ్చాడు.

ఆ నెలలోనే అతని తల్లి ఆమెని భోజనానికి పిలిచింది. ఆంటీ అని పిలవబోతే, "ఆంటీ ఏమిటి, అత్తయ్యా అను, నేనేం కొరకను" అందావిడ. ఆ పిలుపుకి ఆమె కరిగిపోయింది. పళ్ళేలు తీస్తుండగా అత్తయ్య అసలు సంగతి చెప్పింది. తన డెబ్బయ్యో పుట్టినరోజు రాబోతోంది, చుట్టాలందర్నీ కూడగట్టి రెండు రోజులు ఎక్కడికైనా వెళ్ళాలని ఉంది, చోటూ తేదీ వాడు చూసుకుంటాడు, మనుషుల సంగతి మాత్రం నువ్వు చూడాలి, నీకున్న నేర్పు మాకెక్కడిది. ఆమె పక్కనే అతను కూడా, "నువ్వైతే చక్కగా చేస్తావు" అన్నాడు. మూడు ఆదివారాలు కూర్చుని రాసింది. నలభై రెండు మంది. ఎవరెవరికి పడదో, ఎవర్ని ఎవరి పక్కన కూర్చోబెట్టకూడదో, ఎవరు ఏది తినరో అన్నీ అడిగి రాసింది. తేదీ తర్వాత చెబుతానని బస్సు మాట్లాడింది. పెద్దత్తయ్యకి మోకాళ్ళ నొప్పి, ముందు సీటు. చిన్న మావయ్యకి కొండ దారిలో వాంతులు, కిటికీ పక్కన. కొత్తింటి వాళ్ళు తనని అప్పుడే మనిషిగా కలుపుకున్నారని మురిసిపోయింది కూడా.

పెళ్ళి పదిహేను రోజులుందనగా, మధ్యాహ్నం భోజనాల వేళ, ఎడారి అనుమతుల ఆఫీసుకి ఫోను చేసింది. జీపు కమానుకి ఎంత దూరంలో ఆపాలో ఒకసారి ఖాయం చేసుకుందామని, అంతే. అవతలి గుమాస్తా కంప్యూటర్లో చూసి, కమాను బుకింగు రద్దయిందండీ అన్నాడు. వ్యూపాయింటుకి మార్చారు కదా అన్నాడు. వ్యూపాయింటు అంటే బస్సులు ఆగే చోటు. సిమెంటు నేల, ఇనప రెయిలింగు, పక్కన మరుగుదొడ్లు. పొరపాటు పడ్డారేమో చూడమంది. దరఖాస్తు మీద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి కాబట్టి ఇద్దరిలో ఎవరు మార్చినా చెల్లుతుందన్నాడతను. నలభై రెండు మంది వస్తున్నప్పుడు కమాను దగ్గరికి ఎలాగూ పంపరు కదా అని కూడా అన్నాడు.

"నలభై రెండు మంది అని ఎవరు చెప్పారు?"

"మీరే కదండీ, లిస్టు జతచేశారు."

ఆ కాగితం ఫొటో తన ఫోనుకి పంపమని అడిగింది. పంపాడు. తన చేతిరాత. పెద్దత్తయ్య, మోకాళ్ళు, ముందు సీటు. చిన్న మావయ్య, కిటికీ. వరసలు తప్పకుండా గీసిన గీతలు, పక్కన ఎర్ర సిరాతో పెట్టుకున్న టిక్కులు. పైన తను రాసిన 'పుట్టినరోజు' అన్న మాట కొట్టేసి, అతని వంకర అక్షరాలతో 'వివాహం' అని ఉంది.

క్యాంటీన్‌లో చుట్టూ గిన్నెల చప్పుడు. ఎవరో ఉప్పు అందుకోమంటే అందించింది. కోపం రావాలి కదా అనుకుంది, రాలేదు. ముందుగా వచ్చింది సిగ్గు. తన మెడకి పడే తాడు తనే పేనింది, అదీ శ్రద్ధగా, ఎవరి మోకాళ్ళూ నొప్పి పెట్టకుండా. మోసం చేసేవాళ్ళు కనీసం తమ పని తాము చేసుకుంటారు. ఇక్కడ ఆ పని కూడా తనకే అప్పజెప్పారు. ఆమె చక్కగా చేసి ఇచ్చింది. ఆ మూడు ఆదివారాలూ అతను ఎదురుగా కూర్చుని టీ తాగాడు. "ఇంత బాగా ఎలా గుర్తుపెట్టుకుంటావు" అని మెచ్చుకున్నాడు. మెచ్చుకున్నప్పుడు ఆ కళ్ళలో ఏముందో గుర్తు తెచ్చుకోవాలని చూసింది. ప్రేమే ఉంది. అన్నిటికన్నా అదే ఆమెని భయపెట్టింది.

పర్మిషన్ పెట్టి తిన్నగా అతని క్లినిక్‌కి వెళ్ళింది. ఒక పేషంటు వెళ్ళిపోయి ఇంకొకరు రావాల్సిన సందు. ఫోను తీసి కాగితం చూపించింది. అతను చేతి తొడుగులు ఒక్కో వేలూ లాగి విప్పాడు. దొరికిపోయిన మనిషిలా లేడు. పండగ కానుక ముందురోజే బయటపడినట్టు చిన్నబుచ్చుకున్నాడు.

"సర్‌ప్రైజ్ అనుకున్నాను. మీ అమ్మగారు, మీ తమ్ముడు కూడా వస్తున్నారు. అందరూ నీ కోసమే."

"మీ అమ్మకి ఎప్పుడు చెప్పావు?"

"ఏమో. మొదట్లోనే అనుకుంటా. అడిగింది, చెప్పేశాను. ఏడ్చింది. ఏడుస్తుంటే ఏం చెయ్యను?"

"చోటు చూడ్డానికి వెళ్ళేముందా, తర్వాతా?"

అతను పక్కనున్న ట్రే సర్దాడు. పనిముట్లు అప్పటికే సర్ది ఉన్నాయి.

"ముందే" అన్నాడు.

"అంటే ఆ రోజు రాళ్ళు పేర్చేటప్పుడు నీకు తెలుసు."

"నువ్వు అంత సంతోషంగా ఉన్నావు. పాడు చెయ్యాలనిపించలేదు."

జీపావిడకి కూడా ఫోను చేశాడట. ఆవిడ మాత్రం, తనని మాట్లాడుకున్నది అమ్మాయి కాబట్టి అమ్మాయి చెబితేనే మారుస్తానందట. మొండి మనిషి అన్నాడు. కన్నతల్లి, తోడబుట్టినవాడు, కట్టుకోబోయేవాడు అందరూ ఒకటైన చోట, రెండుసార్లు చూసిన జీపావిడ ఒక్కతే తన మాటకి విలువిచ్చిందని ఆమెకి అప్పుడర్థమైంది. అక్కడే పేషంట్ల కుర్చీలో కూలబడింది. అతను కంగారుపడి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. సరే, వద్దులే అన్నాడు. అందరికీ వద్దని చెప్పేస్తాను, మనిద్దరమే వెళదాం, కమాను దగ్గరే చేసుకుందాం, నీకెలా కావాలంటే అలా.

ఆమె నమ్మింది. పూర్తిగా కాదు, కానీ రెండేళ్ళు ఆ చెయ్యి పట్టుకుని నడిచిన మనిషికి ఒక్క మధ్యాహ్నంలో నమ్మకం ఎలా పోతుంది? మర్నాడు మళ్ళీ అనుమతుల ఆఫీసుకి ఫోను చేసి కమాను బుక్ చేసింది.

ఆదివారం పొద్దున పదింటికి తలుపు తడితే తీసింది. అత్తయ్య. మొహం వెలిగిపోతోంది. లోపలికొస్తూనే ఆమె గడ్డం పట్టుకుని, "నీకు తెలిసిపోయిందటగా. ఏమంటావోనని హడలి చచ్చాను. నీకూ సంతోషమేనని వాడు చెప్పాక నా ప్రాణం కుదుటపడింది" అంది.

ఆమె కుర్చీ చూపించింది. మంచినీళ్ళిచ్చింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

"సంతోషమేనని ఆయనే చెప్పారా?"

"నిన్న రాత్రి భోజనాల దగ్గర చెప్పాడు. చూడమ్మా, నీకిది రెండోది. వాడికి మొదటిది. నలుగురి ముందు నిలబడాలని వాడికీ ఉంటుందిగా."

"ఉందని ఆయన అన్నారా?"

అత్తయ్య నవ్వింది. "వాడు నోరు తెరిచి ఫలానాది కావాలని ఎప్పుడన్నాడు? చిన్నప్పట్నుంచీ అంతే. మొహం చూసి నేనే తెలుసుకోవాలి. ఆకలేస్తోందా, జ్వరమా, ఏ చదువు కావాలి. ఇక నాకు ఓపిక లేదు తల్లీ, ఇకనుంచీ నువ్వు చూసుకో. అది సరే, బస్సు ఎన్నింటికి పెట్టమంటావు? నువ్వైతే సరిగ్గా చెబుతావు."

ఆమె ఆవిణ్ణి తేరిపార చూసింది. ఇంతసేపూ ఈవిడ మీద వస్తున్న కోపం ఎక్కడికో జారిపోయింది. నలభై ఒక్కేళ్ళు ఒక మగవాడి మొహం చదవడమే పనిగా పెట్టుకున్న మనిషి. అతను ఎవరికీ ఏదీ కాదనడు. తల్లికి ఔనంటాడు, ఆమెకి ఔనంటాడు. ఆ రెండు ఔన్ల మధ్య నలిగేదెవరో చూడ్డానికి మాత్రం అతను ఎప్పుడూ అక్కడుండడు. ఇన్నాళ్ళూ మెత్తదనం అనుకున్నది మెత్తదనం కాదు. మొదటి భర్త గొంతెత్తి తన మాట నెగ్గించుకునేవాడు. ఇతను గొంతు తగ్గించి నెగ్గించుకుంటాడు. అంతే తేడా. ఇంకో ముప్పై ఏళ్ళకి తను కూడా ఇలాగే ఎవరో ఒక అమ్మాయి ఇంటికి వెళ్ళి, గడ్డం పట్టుకుని, అలసిపోయి నవ్వుతూ అతన్ని ఆ పిల్ల చేతుల్లో పెట్టి వస్తుందేమో.

నిజం చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. సంతోషం లేదు, ఒప్పుకోలేదు, మీవాడు అబద్ధం చెప్పాడు. కానీ ఆ మాట తను చెబితే అది కూడా అతని తరఫున తను చేసిపెట్టిన పనే అవుతుంది. ఆగిపోయింది.

"బస్సు సంగతి మీ అబ్బాయిని అడగండి అత్తయ్యా. ఇకనుంచీ అన్నీ ఆయన్నే అడగండి."

అత్తయ్య వెళ్ళాక అతనికి ఫోను చేసింది. గొంతు ఎత్తలేదు. పెళ్ళి చేసుకోవడం లేదని, రేపు రిజిస్ట్రారు ఆఫీసు తెరవగానే రద్దు చేయిస్తానని చెప్పింది. పిలిచినవాళ్ళకి చెప్పడానికి పదకొండు రోజులు టైముందని, చెప్పాల్సింది అతనేనని చెప్పింది. తన తల్లికీ తమ్ముడికీ కూడా అతనే చెప్పాలంది, పిలిచింది అతనే కాబట్టి. తిడతాడేమో, బతిమాలతాడేమో అని ఎదురుచూసింది. ఒక్కసారి కాదంటే, ఒక్కసారి వద్దు అని గట్టిగా అంటే, ఏమయ్యేదో ఆమెకే తెలీదు.

"సరే. నీ ఇష్టం" అన్నాడు.

సోమవారం రిజిస్ట్రారుకి చెప్పింది. కమాను బుకింగు మాత్రం అలాగే ఉంచింది. పెట్టిన సెలవు కూడా వెనక్కి తీసుకోలేదు. ఆ నాలుగు రోజులూ లిస్టు ఎవరు వేస్తారని పెద్ద సర్జను అడిగితే, తెలీదండీ అంది. పదమూడేళ్ళలో ఆయనకి ఆమె తెలీదని చెప్పడం అదే మొదలు.

పెళ్ళి అనుకున్న రోజు తెల్లవారుతుండగా జీపావిడ ఆమెని కమాను దగ్గరికి తీసుకెళ్ళింది. మామూలు బట్టలు, మామూలు బూట్లు. పెళ్ళేమైందని జీపావిడ అడగలేదు. పదడుగుల దూరంలో ఒక బండ మీద కూర్చుని ఫ్లాస్కు మూత తిప్పుకుంది. సూర్యుడు చెప్పిన టైముకే వచ్చాడు. ఎండ ఇసుక మీద పాకుతూ పాదాల దాకా వచ్చేసరికి ఆమెకి పెద్దగా, వెక్కిళ్ళు పెట్టి ఏడుపొచ్చింది. అతను పేర్చిన రాళ్ళు ఇంకా అక్కడున్నాయేమో అని ఆమె చూడలేదు. పెళ్ళి కోసం ఏడ్చిందో, ఆరు నెలల సంతోషం కోసం ఏడ్చిందో ఆమెకి తెలీదు. ఆ సంతోషం నిజమైనదే. దాన్ని అతను పక్కనే నిలబడి, దాని వెనకున్నది అబద్ధమని తెలిసి కూడా, చూశాడు. అదే మింగుడుపడడం లేదు.

ఎనిమిదవుతుండగా గాలి మొదలైంది. వెళదామా అంది జీపావిడ. తిరిగొచ్చే దారిలో మలుపు తిరిగాక, లోయకి అవతల వ్యూపాయింటు కనపడింది. రెయిలింగు పక్కన తెల్లటి బస్సు. దాని చుట్టూ రంగురంగుల చుక్కల్లా మనుషులు. జీపావిడ బండి ఆపింది. ఆమె కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. అంతమందీ వచ్చారు. ఒక్కరికి కూడా చెప్పలేదన్నమాట. ఈ పదకొండు రోజులూ ఆమె మనసు మార్చుకుంటుందనీ, చివరికి ఎలాగో వచ్చి అంతా సర్దేస్తుందనీ కూర్చున్నాడన్నమాట. గాలికి ఆ చుక్కలు రెయిలింగు దగ్గర్నుంచి బస్సు వైపు జరుగుతున్నాయి. ఎవరో కుర్చీ పట్టుకుని ఒకరిని మెల్లగా నడిపిస్తున్నారు. పెద్దత్తయ్య అయ్యుంటుంది.

అప్పుడే సిగ్నలు అందింది. ఫోను వరసగా మోగి ఆగింది. ముప్పై ఒక్క మెసేజీలు. చిట్టచివరిది అతనిది.

"ఎక్కడున్నావు? అందరూ వచ్చేశారు. అమ్మ అడుగుతోంది. ఏం చెప్పమంటావు?"

అలవాటు కొద్దీ ఆమె తల వెంటనే పనిలో పడబోయింది. ముందు అత్తయ్యని కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, చిన్న మావయ్యని పక్కకి పిలిచి అని మాటలు వరసలో పేర్చుకోబోయింది. ఆపేసింది. మొహానికి అంటిన ఇసుక తుడుచుకుని, రెండు బొటనవేళ్ళతో టైప్ చేసింది.

"నిజం చెప్పు. మొదటిసారి కదా, మెల్లగా చెప్పు."